అయిదో చరుపు

ఇచ్ఛాపురం నుంచి భీమిలి దాకా జపాను పాటల గురించి నోరు విప్పి మాట్లాడగల మనిషి ఒక్కర్తే. పేరు సింధూరి, ఊరు నెల్లిమర్ల. ఆ పిల్ల బ్లాగుకి నలభై వేలమంది పాఠకులు. పొద్దున్న ఆమె నాలుగు ముక్కలు రాస్తే రాత్రికల్లా టోక్యోలో కొట్లు కట్టేసి మరీ చదివేవారు. ఇందులో అనుమానం ఉన్నవాళ్ళు నెల్లిమర్ల మెయిన్‌రోడ్డులో సూర్యారావు గారి స్టీలు సామాన్ల కొట్టు ఎక్కడని అడిగి, వెళ్ళి, కళ్ళారా చూసుకోవచ్చు.

బుధవారం పదకొండు గంటలకి వెళ్ళి ఉంటే, గుమ్మం పక్కన ముక్కాలిపీట మీద కూర్చుని బిందె మెడ మీద పేరు చెక్కుతూ కనపడేది. ఎడమ మోకాలికీ కుడి మోకాలికీ మధ్య బిందెని ఇరికించి, కరెంటు పెన్నుని మూడు వేళ్ళతో పట్టుకుని, ఒక్కో అక్షరం చెక్కాక ముఖం పక్కకి తిప్పి ఉఫ్ మని ఊదేది. ఆ పెన్ను కందిరీగలా రొద పెడుతుంది. సాయంత్రానికి మణికట్టులోంచి మోచేతి దాకా జుమ్మంటుంది. అయినా ఊళ్ళో ఎవరింటి గృహప్రవేశమైనా, ఎవరి పెళ్ళి సామానైనా సింధూరి చేతి రాతే కావాలంటారు. ఆమె చెక్కిన సున్న కోడిగుడ్డంత నున్నగా ఉంటుంది మరి.

ఎదురుగా కంచాల దొంతరకి ఫోను ఆనించి ఉంది. ఊదినప్పుడల్లా ఒక చూపు అటు వేస్తోంది. ఆ చూపుల్లో ఒకటి కోటబొమ్మాళి ఉపేంద్ర బ్లాగు మీద పడింది. పెన్ను జారింది.

"ఏటే ఆ గీత?" అన్నాడు తండ్రి సూర్యారావు కౌంటర్లోంచి. "గురమ్మ గారి పేరుకి తోకొచ్చింది సూడు."

సింధూరికి వినపడలేదు.

ఉపేంద్రకీ సింధూరికీ మూడేళ్ళుగా పడదు. ఇద్దరూ ఎప్పుడూ ఎదురుపడింది లేదు. ఇద్దరికీ ఇష్టమైనది ఒకటే బృందం, అయిదుగురు ఆడపిల్లలు పాడే 'కజాగురుమ'. ఆ అయిదుగురిలో నడుమ నిలబడే అర్హత ఎవరిదన్న దాని మీద ఒకసారి తొమ్మిది రోజులు కొట్టుకున్నారు. ఒకమ్మాయి బృందం విడిచి వెళ్ళిపోతోందన్న కబురు ముందు ఎవరు రాశారన్న దాని మీద నెల్లాళ్ళు కొట్టుకున్నారు. తేడా నాలుగు నిమిషాలు. ఇంతకుముందు జరిగినవన్నీ అలాంటివే. ఇప్పటిది వేరు.

వచ్చే ఆదివారం విశాఖపట్నంలో ఒక సినిమాహాల్లో కజాగురుమ కచేరీ తెర మీద చూపిస్తున్నారు. జపాను అభిమానులకి ఒక పద్ధతి ఉంది. పాట మధ్యలో ఎక్కడ పేరు పెట్టి పిలవాలి, ఎక్కడ చప్పట్లు చరచాలి, ఎక్కడ నోరు మూసుకోవాలి అన్నదానికి లెక్క ఉంటుంది. దాన్ని కాల్ అంటారు. ఆ కాల్ పట్టిక తెలుగులో ఎవరు బాగా రాస్తే వాళ్ళదే హాల్లో అందరికీ పంచుతామనీ, రాసినవాళ్ళే ముందు నిలబడి హాలంతటిచేతా పలికించాలనీ విశాఖ అభిమానుల సంఘం చూసే ఆనంద్‌కుమార్ ప్రకటించాడు. ముందు నిలబడేవాళ్ళకి తెర వైపు వీపు ఉంటుంది. కచేరీ కనపడదు. కనపడేది జనమే. అయినా ఆ చోటు కోసం సింధూరి ఏడాదిగా కలలు కంటోంది. జీవితంలో ఆమె మాట విని ఇద్దరు మనుషులు ఒక్కసారిగా లేచిన సందర్భం లేదు.

సోమవారం ఆమె పట్టిక పెట్టింది. ఆఖరి పాటలో నాలుగు పాదాల చివర, పాదానికొకటిగా నాలుగు చరుపులు, ఆ తరవాత ఒక చిన్న ఖాళీ, ఆ ఖాళీలో అయిదో చరుపు. మంగళవారం మళ్ళీ ఒసాకా కచేరీ వీడియో చూసింది. అక్కడ వేలమంది నాలుగు చరిచి, ఆ ఖాళీలో చేతుల్లోని రంగు లైట్లు పైకెత్తి ఊపిరి బిగబట్టారు. చీమ చిటుక్కుమనలేదు. అయిదో చరుపు లేనే లేదు. తప్పు తనదే. దిద్దుదామనుకుంటూ దిద్దలేదు.

బుధవారం ఉపేంద్ర పట్టిక వచ్చింది. అందులోనూ ఆ ఖాళీలో అయిదో చరుపు ఉంది.

ఒప్పు ఇద్దరికీ ఒకటే రావచ్చు. ఒకే చోట, ఒకే తప్పు ఇద్దరికి ఎలా వస్తుంది? సింధూరి పెన్ను స్విచ్చి కట్టేసి, వెనకగదిలో అట్టపెట్టెల మధ్య నిలబడి, రెండు బొటనవేళ్ళతో పావుగంటలో రాసి పారేసింది. మకుటం: 'నా తప్పుని కూడా వదలని దొంగ'. కింద రెండు పట్టికలూ పక్కపక్కన పెట్టి, అయిదో చరుపు చుట్టూ ఎర్రసున్న చుట్టింది. అదీ కోడిగుడ్డంత నున్నగా వచ్చింది.

గురువారం ఆ పోస్టు మూడు వేల నూట పదిమంది చదివారు. ఇక్కడో మాట చెప్పాలి. మొదట్లో నలభై వేలమంది పాఠకులన్నాను. నోట్లో సున్నాలు రెండు ఎక్కువ పడ్డాయి. నాలుగు వందల పన్నెండుమంది. వాళ్ళలో పదకొండుమంది మేనత్తల పిల్లలు, జపాను ఏ దిక్కునుందో వాళ్ళకి తెలియదు. టోక్యోలో కొట్లు మూశారా అంటే ఆ వేళకి అక్కడ ఎలాగూ మూసేసే ఉంటాయి. అందుకే మూడు వేలంటే ఆ పిల్లకి జాతర. హైదరాబాదులో ఒక పెద్ద పేజీవాళ్ళు దాన్ని ఎత్తిపెట్టారు. 'చప్పట్ల దొంగ' అని ఎవరో ఉపేంద్ర ఫొటోకి గళ్ళలుంగీ తొడిగి, కళ్ళకి ముసుగు వేసి బొమ్మ చేశారు. ఆ బొమ్మ చూసి సింధూరి కూడా నవ్వింది. నవ్వి, ఇద్దరికి పంపింది.

ఉపేంద్ర ఒక్కసారే జవాబు రాశాడు. 'నా చెవులతో విన్నాను. నా చేతులతో చరిచాను. ఇంతకు మించి నా దగ్గరేమీ లేదు.' దాని కింద రెండు వందల వెక్కిరింతలు పడ్డాక బ్లాగుకి తలుపులు వేసేశాడు.

మధ్యాహ్నం ఆనంద్‌కుమార్ ఫోను చేశాడు. "మీ పట్టికే ఖాయం చేశామండి. ఆదివారం మీరే ముందు నిలబడాలి. అన్నట్టు ఆ అయిదోది తీసేసి పంపండి."

కోరుకున్నది చేతికొచ్చింది. కానీ కాలు ఒకచోట నిలవలేదు. కొట్టులోంచి ఇంట్లోకి, ఇంట్లోంచి కొట్టులోకి పదిసార్లు తిరిగింది. తాళం వేసి ఉన్న ఉపేంద్ర బ్లాగుని నొక్కి నొక్కి చూసింది. దొంగైతే బుకాయించాలి, ఎదురు తిట్టాలి. ఈ మనిషి తిట్టలేదేం?

"గెలిసినోళ్ళు అన్నం తింటారే," అంది తల్లి కమలాదేవి ఆమె కంచం వైపు చూస్తూ. "నువ్వేటి, ఓడిపోయినోళ్ళలాగ కెలుకుతున్నావు?"

"ఆకలి లేదమ్మా."

"నిన్న లేదు, ఇయ్యాల లేదు. ఆ జపానోళ్ళు తినొద్దన్నారేటి?"

శుక్రవారం కొట్టులో బేరం లేదు. సింధూరి ఆఖరి పాట పెట్టుకుని, ఆదివారం ఎక్కడ చెయ్యెత్తాలో, ఎక్కడ దించాలో చూసుకుంటోంది. అటు మూల కొట్టులో పనిచేసే తవిటమ్మ గోనెపట్టా మీద కూర్చుని, కొత్త గిన్నెలకి అంటిన కాగితపు చీటీలు నూనెగుడ్డతో తుడిచి ఊడదీస్తోంది. అరవై ఏళ్ళ మనిషి. బ్లాగంటే ఏమిటో తెలియదు. ఫోనులో పచ్చగుండీ, ఎర్రగుండీ తప్ప మూడోది ముట్టుకోదు.

పాటలో మొదటి పాదం అయింది. తవిటమ్మ గుడ్డ పట్టుకున్న చేత్తోనే ఒళ్ళోని మూత మీద ఒకటి కొట్టింది. రెండో పాదం, రెండో దెబ్బ. మూడు. నాలుగు. ఆ తరవాత ఊపిరి బిగబట్టే ఖాళీ వచ్చింది.

టంగ్.

సింధూరి చెయ్యి గాలిలో ఆగిపోయింది. పాటని వెనక్కి జరిపి మళ్ళీ పెట్టింది. తవిటమ్మ తన పనిలో తనుంది, తల కూడా ఎత్తలేదు. నాలుగు దెబ్బలు. ఖాళీ. టంగ్.

"పిన్నీ, ఆ అయిదోది ఎందుకు కొట్టేవు?"

"ఏటి అయిదోది?"

"నాలుగు కొట్టి, ఆగి, మళ్ళీ ఒకటి కొట్టేవు."

తవిటమ్మ మూతకేసి, తన చేతికేసి చూసుకుంది, అదేదో పక్కింటివాళ్ళ చెయ్యన్నట్టు. "కొట్టేనేటి? మరి కాలీగా వొదిలేస్తారేటమ్మా! తప్పెటగుళ్ళోళ్ళు ఎగిరితే, కాలు నేలని ఆనినప్పుడు దెబ్బ పడొద్దా? పడకపోతే ఎగిరినోడు పైనే ఉండిపోతాడు గదా."

గుండెకి తప్పెట కట్టుకుని, కాళ్ళకి గజ్జెలు వేసుకుని ఎగిరే ఆ బృందాలని సింధూరి కూడా చంకనెక్కి తిరిగే వయసు నుంచీ చూస్తోంది. ఏ సంబరమైనా, ఏ వీధైనా అదే దెబ్బ. ఎప్పుడూ లెక్కపెట్టలేదు. లెక్కపెట్టక్కర్లేకుండానే చేతుల్లోకి ఎక్కింది.

ఆమె లేచి కౌంటరు దగ్గరికి వెళ్ళింది. "నాన్నా, ఈ పాట ఒక్కసారి ఇను. సేత్తో తాళం వెయ్యి."

"నాకు పనుంది."

"ఒక్కసారి."

సూర్యారావు విసుక్కుంటూ కొలబద్ద తీసి బల్ల మీద వేశాడు. నాలుగు. ఆగాడు. అయిదు. "బాగానే ఉన్నాది. ఏ ఊరోళ్ళు?" అన్నాడు.

గిన్నెలూ చేటలూ కొనడానికి వచ్చిన గరివిడి ఆవిడ చేతి గాజులతో అయిదోది గలగలలాడించింది. బయట ఆటో ఆపుకున్న పోతురాజు హ్యాండిలు మీద అయిదోది వేసి, "డీజేలో పెట్టిస్తే అదిరిపోద్ది," అన్నాడు. సాయంత్రం నాలుగింటికి ఆర్డర్లు రాసుకునే ధనరాజ్ చెన్నై నుంచి వచ్చాడు. అతనికి టీ ఇచ్చి, పాట పెట్టి, సింధూరి అతని వేళ్ళ వైపే చూస్తూ నిలబడింది. అతను బ్యాగు మీద నాలుగు తట్టాడు. ఖాళీ వచ్చింది. చెయ్యి బ్యాగు మీద పడుకుని ఉండిపోయింది. ఆమె మూడుసార్లు పెట్టింది. మూడుసార్లూ అంతే.

"ఏమ్మా, కప్పులో ఏమైనా పడిందా? అలా చూస్తున్నావు?" అన్నాడు ధనరాజ్.

ఆమె పోయి పీట మీద కూర్చుని రెండు అరచేతులూ ఒళ్ళో పెట్టుకుంది. దొంగ ఎవరూ లేరు. తప్పు ఆమె రాసినదీ కాదు, అతను ఎత్తుకెళ్ళినదీ కాదు. ఈ నేల మీద పెరిగినవాళ్ళు ఎవరు ఆ పాట విన్నా ఆ ఖాళీలో చెయ్యి పడుతుంది. మూడు వేల నూట పదిమంది ముందు ఆమె ఒక మనిషి మీద వేసిన నింద అది.

శనివారం పొద్దున్న చీర కుచ్చిళ్ళు సర్దుకుంటుంటే తండ్రి అడిగాడు, "ఎక్కడికే?"

"కోటబొమ్మాళి. ఒకర్ని సెమించమని అడగాలి."

"ఫోనుంది గదే."

"తిట్టినది ఫోన్లోనే నాన్నా. ఇది ఫోన్లో ఐతే కుదరదు."

పలాస వైపు వెళ్ళే ప్యాసింజరు ఎక్కింది. సీటు దొరికినా తలుపు దగ్గరే నిలబడింది. కోటబొమ్మాళిలో దిగి, ఉపేంద్ర పేరు చెబితే ఆటో అతను వెనక్కి తిరిగి నవ్వాడు. "ఎవరు, చప్పట్ల దొంగా?" ఆ నవ్వు ఇక్కడిదాకా వచ్చేసిందన్నమాట. దాన్ని రైలెక్కించి పంపినది ఆమే.

ఉపేంద్ర ఇంట్లో లేడు, కళ్ళంలో ఉన్నాడన్నారు. అక్కడ నూర్పు మిషను పొట్టు ఎగజిమ్ముతోంది. అతను తలకి తువ్వాలు చుట్టుకుని, బస్తా మూతి మడిచి, దబ్బనంతో పురికొస కుట్టి, పళ్ళతో తెంపుతున్నాడు. కనుబొమలకి ధూళి. తండ్రి జగన్నాధం మంచం మీద కూర్చుని బీడీ కాలుస్తున్నాడు. సింధూరి తనెవరో చెప్పింది.

జగన్నాధం మంచం మీద జరిగి చోటిచ్చాడు. "కూకోమ్మా. నిన్నే అడగాలనుకుంటన్నాను. మావోడు చప్పట్లు దొంగిలించేడంట. ఇదుగో, ఇయ్యే," అని రెండు అరచేతులూ చూపించాడు, "ఇయి దొంగిలిస్తే ఏ కేసు పెడతారు తల్లీ? నేను వకీలుని కనుక్కోవాలి గదా."

"నానా, నువ్వూరుకో," అన్నాడు ఉపేంద్ర. మిషను ఆపమని సైగ చేశాడు. రొద ఆగింది. "ఏటండీ? ఇక్కడ ఫొటో తీసి కూడా పెడతారేటి? తువ్వాలు తియ్యమంటారా, ఉంచమంటారా?"

"నేను తప్పు రాసేను."

ఆమె తవిటమ్మ గురించి, కొలబద్ద గురించి, ధనరాజ్ బ్యాగు గురించి వరసగా చెప్పింది. అతను దబ్బనం బస్తాలో గుచ్చి వింటున్నాడు. జగన్నాధం మాత్రం, "ఏదీ, ఆ పాట పెట్టు," అన్నాడు. పెట్టింది. ముసలాయన మంచంకోడు మీద కొట్టాడు. అయిదోది అందరికన్నా గట్టిగా పడింది.

ఉపేంద్ర ఫోను తీశాడు. "మీరు పెట్టకముందే నేను చరిచి రికార్డు చేసుకున్నాను. ఆదివారంనాడు. తేదీ ఉంటాది, సూడండి." చాచిన చేతిలోంచి ఆమె ఫోను తీసుకోలేదు.

"సూడనక్కర్లేదు. అది సూసి నమ్మితే ఇంత దూరం ఎందుకొస్తాను?"

"మరి ఆవేళే ఎందుకు సూపించలేదని అడగరేటి?"

"తేదీ మార్చేరని అని ఉందును."

అతను మొదటిసారి ఆమెని సూటిగా చూశాడు. "అని ఉందురు. తప్పకుండా అని ఉందురు." ఫోను జేబులో పెట్టేసుకున్నాడు. "ఇప్పుడేటి సేస్తారు? సారీ అని రాస్తారు. నన్ను దొంగన్నది మూడు వేలమంది సదివేరు. కాదన్నది ఎంతమంది సదువుతారండీ? మా చెల్లి కాలేజీలో ఆ లుంగీ బొమ్మ సూపించి నవ్వేరంట. ఆళ్ళందరికీ మీరెళ్ళి సెప్తారా?"

ఆమె ఫోను తీసి పొట్టు మీద అక్కడే కూర్చుని రాసింది. బుధవారం పోస్టు తీసెయ్యలేదు. దాని నెత్తినే తన నింద తప్పని రాసింది, ఎవరు తెరిచినా ముందు ఇది కనపడేలాగ. ఎర్రసున్న చుట్టింది తన పేరు చుట్టూ. తరవాత అతని ముందే ఆనంద్‌కుమార్‌కి ఫోను చేసి, ముందు నిలబడేది ఉపేంద్ర అని చెప్పింది.

"రేపు కార్యక్రమం పెట్టుకుని ఇయ్యాల మారుస్తారేటండీ?" అన్నాడు ఆనంద్‌కుమార్. "జనం ఆయన మాటకి పలకాలి గదా. పలక్కపోతే నన్నడుగుతారు."

"నేను పలుకుతాను," అంది సింధూరి.

ఉపేంద్ర దబ్బనం తీసి మళ్ళీ కుట్టడం మొదలుపెట్టాడు. నాలుగు కుట్లు పడ్డాక, తల ఎత్తకుండానే, "ఆ కాలీలో ఏటి సేద్దాం?" అన్నాడు.

"కాలీగానే వొదిలేద్దాం. పాట ఆళ్ళది గదా."

"మూడో పాటలో మీరు రాసినది కూడా తప్పే," అన్నాడు. "సారీ సెప్పడానికొచ్చేరని వొదిలేస్తన్నాననుకోకండి."

"అది తప్పు కాదు!" అంది ఆమె లేస్తూ. జగన్నాధం ఇద్దరినీ చూసి బీడీ పక్కన పడేసి, మిషను వెయ్యమని కేకేశాడు.

ఆదివారం హాల్లో నూట ముప్ఫైమంది ఉన్నారు. దీపాలు ఆర్పేసరికి అయిదు రంగుల లైట్లు సీట్ల మధ్య మిణుకుమన్నాయి. ఉపేంద్ర ఇస్త్రీ చొక్కా వేసుకుని తెరకి వీపు పెట్టి నిలబడ్డాడు. పసుపు లైటు పట్టుకున్న చేతి మీద గడ్డి కోసిన గీతలు సన్నగా కనపడుతున్నాయి. వెనక తెర మీద అయిదుగురు అమ్మాయిలు పరిగెత్తుకుంటూ వచ్చారు. అతనికి కనపడలేదు. అతనికి కనపడుతున్నవి ముఖాలు.

చెయ్యెత్తి, "చినత్సూ!" అని పిలిచాడు.

నడుమ నిలబడ్డ అమ్మాయి పేరది, అందరూ తిరిగి పిలవాలి. ఎవరూ పిలవలేదు. వెనక వరసలోంచి ఈల వినపడింది. "చప్పట్ల దొంగ!" అన్నారెవరో. నవ్వులు. శనివారం రాసింది ఎవరూ చదివినట్టు లేదు. అతని చెయ్యి పైనే ఉంది. దించలేదు. లెక్క ప్రకారం ఎంతసేపు ఆగాలో అంతసేపూ ఆగి, రెండోసారి పిలిచాడు. గొంతు ఈసారి కొంచెం తగ్గింది.

ఏడో వరసలో సింధూరి లేచింది. పక్కవాళ్ళు తలలు తిప్పారు. వాళ్ళకి ఆమె ఎవరో తెలుసు. "చినత్సూ!" అంది. గొంతు చీలి, సగంలో పిల్లికూతలా విరిగింది. మళ్ళీ నవ్వులు. మళ్ళీ పిలిచింది. ఈసారి విరగలేదు.

ఉపేంద్ర ఆమె వైపు తిరగలేదు. చెయ్యి మాత్రం అంతకుముందు కన్నా ఒక జానెడు పైకి లేచింది.

మూడో పిలుపుకి ఆమె పక్క సీటు లేచింది. తరవాత ఆ వరస. రెండో పాట సగానికి హాలంతా లేచింది. నూట ముప్ఫై గొంతులు ఒక్కసారి పలికేసరికి పైకప్పు సున్నం పెచ్చులు రాలి ఆనంద్‌కుమార్ నెత్తిన పడ్డాయి, ఈల వేసినవాడు కుర్చీ ఎక్కి అరిచాడు, గేటు దగ్గర టికెట్లు చింపే ఆయన తలుపు తోసుకొచ్చి తనూ రెండు చేతులూ ఎత్తాడు.

మూడో పిలుపు నుంచి నేను చెప్పిందంతా నా చేతి పని. హాలు లేవలేదు. సున్నం రాలలేదు. ఈల వేసినవాడు మధ్యలోనే లేచి వెళ్ళిపోయాడు. ఆఖరి పాట దాకా లెక్కపెడితే పలికినవాళ్ళు ఆరుగురు, వాళ్ళలో ఆనంద్‌కుమార్ ఒకడు, కార్యక్రమం అతనిది గనక. మిగతావాళ్ళు చేతులు కట్టుకుని తెర చూశారు. ఉపేంద్ర పద్దెనిమిది పాటల్లో ఒక్క పిలుపూ మానలేదు, ప్రతి పిలుపు తరవాతా ఆగాల్సినంతసేపు ఆగాడు. అంత పెద్ద హాల్లో ఆరు గొంతులంటే ఎంత వినపడతాయో మీరే అనుకోండి. నూట ముప్ఫై గొంతులు నేను కలిపినవి. ఏడో వరసలో లేచిన ఆ ఒక్క గొంతు మాత్రం ఆ పిల్లదే.